అమీర్‌బీ తీసిన తాళం

రేగళ్లపాలెంలో డెబ్బై గడపలుంటే ఆ డెబ్బై గడపలకీ అమీర్‌బీ తన చేత్తో మలీదా పంచింది. గోధుమరొట్టెలు మెత్తగా నలిపి, బెల్లం, నెయ్యి కలిపి, గంప చంకనెత్తుకుని, ఒక్క ఇల్లు వదలకుండా తిరిగింది. "మా సిలార్‌కి నయమైపోయింది తల్లీ, అంతా బాబా దయ" అని నోరారా చెప్పి, వద్దన్నవాళ్ళకి కూడా కొసరి కొసరి పెట్టింది. తిన్నవాళ్ళు చేతులు కడుక్కుని మర్చిపోవచ్చుగా! మర్చిపోలేదు. ఎనిమిది నెలల తరవాత వాళ్ళలో ఆరుగురు గుంటూరు సెషన్సు కోర్టులో బోనెక్కి, ఆ మలీదాలో యాలకులు ఎంత దండిగా పడ్డాయో కూడా చెప్పొచ్చారు.

వాళ్ళనని ఏం లాభం? పెట్టింది తిన్నారు, చెప్పింది నమ్మారు. నమ్మిందే ప్రమాణం చేసి చెప్పారు. సిలార్ పిచ్చి జనవరిలోనే కుదిరిందనీ, ఫిబ్రవరిలో పక్క చేను బుల్లయ్యని గొడ్డలితో నరికినప్పుడు వాడు నిక్షేపంలా ఉన్నాడనీ ఆరుగురూ ఒక్క మాట మీద నిలబడ్డారు. కన్నతల్లే ఊరంతా తిరిగి చెప్పాక ఇంకెవరు కాదంటారు?

సిలార్ అమీర్‌బీకి ఒక్కగానొక్క కొడుకు. మొగుడు ఖాదర్ వలి దూదేకుల పని చేసీ చేసీ ఉబ్బసంతో పోతే, ఆసామి గురునాథం గారి దగ్గర ఎకరంన్నర నల్లరేగడి కౌలుకు తీసుకుని, మిరప వేసి, కొడుకుని పాతికేళ్ళవాణ్ణి చేసింది. పనిలో సిలార్‌కి వంక పెట్టేవాడు లేడు. అలాంటివాడు యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో ఉన్నట్టుండి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తడం మానేశాడు. ఏమిట్రా అంటే, "ఎవడో నా ఊపిరి లెక్కపెడుతున్నాడమ్మా. లెక్క పూర్తయితే నా పని అయిపోద్ది" అన్నాడు. ఆ లెక్కకి అందకుండా ఊపిరి బిగబట్టి, కళ్ళు తేలేసి పడిపోయేవాడు. ఊళ్ళో వైద్యుడు పసరు పోశాడు. చీరాల డాక్టరు సూది వేశాడు. ఏదీ పనిచేయలేదు.

చీరాలకి అవతల సముద్రం ఒడ్డున, ఇసకదిబ్బల మధ్య ఒక దర్గా ఉండేది. మతి తప్పినవాళ్ళని ఏ మతంవాళ్ళైనా అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడొక పద్ధతి ఉంది. రోగిని తెచ్చినవాళ్ళు బాబా సమాధి చుట్టూ ఉన్న ఇనప కటకటాలకి ఒక తాళం వేసి, తాళంచెవి ఇంటికి పట్టుకుపోతారు. రోగి కాలికి గొలుసుతో అక్కడే ఉంటాడు. నయమైననాడు ఆ రోగే తన నోటితో "నా తాళంచెవి ఏది?" అని అడగాలి. అడిగి, తన చేత్తో తను తాళం తీసుకోవాలి. తల్లిగానీ తండ్రిగానీ ఇంకెవరూ ఆ తాళం ముట్టుకోకూడదు.

సిలార్‌ని అక్కడికి చేర్చింది ఎవరనుకున్నారు? బుల్లయ్యే. మీసం చూస్తే పిల్లలు జడుసుకోవాలి, మాట మాత్రం వెన్న. అమీర్‌బీని నోరారా అక్కా అనేవాడు, సిలార్‌ని అల్లుడా అనేవాడు. తన బండి కట్టి, రెండు రోజులు తోలుకుంటూ తీసుకెళ్ళాడు. చీరాల బజారులో నాలుగు కొట్లు తిరిగి తాళం తనే కొన్నాడు. "ఇదైతే గట్టిదక్కా. దీన్ని మన సిలారే తీయాలి, చూస్తా ఉండు" అన్నాడు.

ఆర్నెల్లు గడిచాయి. చేలో మిరప పండుబారింది. కోతకి మనిషి సాయం లేక అమీర్‌బీ నడుం విరుగుతున్న రోజుల్లో, గురునాథం గారు కబురుపెట్టి పిలిపించారు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండానే, "ఉగాదికి కౌలు తిరగరాయాలి అమీర్‌బీ. పిచ్చివాడున్న ఇంటికి చేను ఇచ్చానని నలుగురూ నన్నంటున్నారు. పైగా మగదిక్కు లేదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అన్నారు.

ఏం చెబుతుంది? మర్నాడే దర్గాకి పరిగెత్తింది. సిలార్ నెమ్మదిగానే ఉన్నాడు. ఒళ్ళు కాస్త తేరింది. తల్లిని గుర్తుపట్టాడు, చేను కాసిందా అని అడిగాడు. తాళంచెవి మాట మాత్రం ఎత్తలేదు. అమీర్‌బీ కొంగుముడిలో తాళంచెవిని తడుముకుంటూ వాడి ఎదురుగా పొద్దస్తమానం కూర్చుంది. "నన్నేమన్నా అడగాలా నాయనా? అడుగు, మొహమాటపడకు" అంది. వాడు ఆలోచించి, "మంచినీళ్ళు" అన్నాడు.

దర్గా చూసుకునే ముజావరు నన్నే సాహెబ్ ముసలాయన. ఇలాంటి తల్లుల్ని ఎందర్నో చూసినవాడు. "నెమ్మదించాడు తల్లీ. నెమ్మదించడం వేరు, నయం కావడం వేరు. వాడి నోటితో వాడు అడిగేదాకా ఓపిక పట్టు" అన్నాడు.

"కోతకొచ్చింది సాహెబ్. ఓపిక పడితే చేను పోద్ది."

"చేను పోతే ఇంకో చేను దొరుకుతుంది" అని, ఆయన నమాజుకి కాళ్ళు కడుక్కోవడానికి బావి వైపు వెళ్ళాడు.

ఆయన ఇటు తిరిగి వచ్చేలోపల అమీర్‌బీ కటకటాల దగ్గరికి వెళ్ళి తన చేత్తో తాళం తీసేసింది. అంత పనిచేస్తున్నా చెయ్యి వణకలేదు. ఎందుకు వణకలేదా అని తరవాత ఎన్ని వందలసార్లు అనుకుందో! సాహెబ్ వచ్చేసరికి తీసిన తాళం చూపించి, "వాడే అడిగాడు, వాడే తీసుకున్నాడు" అంది. ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. తాళం పుచ్చుకుని గూట్లో పెట్టాడు, సిలార్ కాలి గొలుసు విప్పాడు.

ఇంటికి తెచ్చి మలీదా పంచింది. అదీ సంగతి.

బుల్లయ్యకీ అమీర్‌బీకీ కల్లం ఒకటే. కోసిన మిరపకాయలు రెండిళ్ళవీ పక్కపక్కనే ఎండేవి. కాయ గలగలమంటుంటే ఆ ఉదయం బుల్లయ్య గంపతో కొలిచి గోతాల్లోకి పోస్తున్నాడు. కొలిచేవాడు ఊరికే పోయడు కదా. ఒకటి అనకుండా మొదటి గంపకి "లాభం" అని, ఆ తరవాత రెండు, మూడు అని గొంతెత్తి పాటలా లెక్క చెబుతాడు. అది పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సిలార్ వింటున్న లెక్కే. ఆ రోజు వాడికది వేరేగా వినిపించింది. మేకలు రాకుండా కంప కొట్టే గొడ్డలి పక్కనే ఉంది.

చద్ది తేవడానికి ఇంటికి వెళ్ళిన అమీర్‌బీ తిరిగొచ్చేసరికి బుల్లయ్య మిరపకాయల మీద బోర్లాపడి ఉన్నాడు. పక్కనే సిలార్ చతికిలబడి, గుండెనిండా గాలి పీల్చి వదులుతున్నాడు. వాడి మొహంలో అంత ప్రశాంతత ఆమె ఏడాదిగా చూడలేదు. "ఆగిపోయిందమ్మా! లెక్క ఆగిపోయింది" అన్నాడు.

అప్పుడైనా ఆమె ఉన్నదున్నట్టు వదిలేసి ఊరిని పిలిస్తే ఎంత బాగుండేది! తల్లి కదా, ఊరుకోలేదు. కుండలో నీళ్ళతో వాడి చేతులు కడిగింది. చొక్కా విప్పించి, తడిపి పిండి, గోనెల కింద దాచింది. గొడ్డలి ఎర్రటి రాశిలోకి లోతుగా దూర్చింది. ఇదంతా అయ్యాక గుండెలు బాదుకుంటూ, "ఎవడో బుల్లయ్యని నరికేశాడు! జొన్నచేల్లోంచి పారిపోయాడు!" అని కేకలేసింది. పోలీసులు పూట తిరక్కుండా గొడ్డలి లాగారు, చొక్కా లాగారు. సిలార్‌ని అడిగితే "నేనే" అన్నాడు.

హత్య చేసినవాడు చేతులు కడుక్కున్నాడు, చొక్కా మార్చాడు, ఆయుధం దాచాడు. అంటే తను చేసింది తప్పని వాడికి తెలుసు. తప్పని తెలిస్తే వాడు పిచ్చివాడెలా అవుతాడు? సర్కారు వాదన ఇంతే. పసిపిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

వకీలుని పెట్టుకునే స్తోమతు లేనివాళ్ళకి కోర్టువారే ఒకరిని ఇస్తారు. అలా వచ్చాడు లక్ష్మీనరసింహం గారు. ముక్కుపొడుం, ముక్కు మీద కోపం, రెండూ ఎక్కువే. విచారణకి వారం ముందు అమీర్‌బీని ఇంటికి పిలిపించి, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, గుచ్చిగుచ్చి అడగడం మొదలుపెట్టాడు.

"గొడ్డలి రాశిలో దూర్చిందెవరు?"

"మావాడే అయ్యుంటాడు బాబుగారూ."

"చొక్కా పిండిందెవరు?"

"వాడే."

"పిండి, మడతపెట్టి, గోనెల కింద పెట్టాడు! ఏమ్మా, మీవాడు పుట్టాక ఎప్పుడైనా తన చొక్కా తను ఉతుక్కున్నాడా?"

అమీర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీనరసింహం గారు పొడుం డబ్బీ మూసి, గొంతు తగ్గించాడు.

"నేను చెప్పేది శ్రద్ధగా విను. ఎనభై నాలుగో సెక్షన్ అని ఒకటుంది. మతి చెడి, తను చేస్తున్నదేమిటో, అది తప్పో ఒప్పో తెలియకుండా చేసినవాణ్ణి చట్టం శిక్షించదు. అయితే ఒకప్పుడు పిచ్చి ఉండేదంటే కోర్టుకి చాలదు. ఇప్పుడు జైలు డాక్టరు చూసి బాగానే ఉన్నాడన్నా దానితో పని లేదు. గొడ్డలి ఎత్తిన ఆ ఘడియలో మతి ఉందా లేదా, అదొక్కటే లెక్క. లేదని చూపించాల్సింది పోలీసులు కాదు, మనం. మనకి అడ్డం వచ్చేవన్నీ చూస్తే ఒక్కటీ వాడు చేసింది కాదు. మలీదా పంచింది నువ్వు. చొక్కా, గొడ్డలి దాచింది నువ్వు. వాడి మెడకి ఉరితాడు పేనింది పోలీసులు కాదు తల్లీ, నువ్వే."

ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. తను రోజూ అనుకుంటున్నదే ఆయన పైకి అన్నాడు. "ఇదంతా కోర్టులో చెబితే నన్ను లోపలేస్తారా?" అని అడిగింది.

"వేయొచ్చు."

"దానిక్కాదు బాబుగారూ. అక్కడ కోటేశ్వరమ్మ కూర్చునుంటది."

కోటేశ్వరమ్మ బుల్లయ్య భార్య. ఇరవై ఏళ్ళనుంచీ వదినా వదినా అంటూ ఈ ఇంటా ఆ ఇంటా తేడా లేకుండా తిరిగిన మనిషి. మలీదా పంచిన రోజు అమీర్‌బీని వాటేసుకుని ఏడ్చింది కూడా. వాడికి నయం కాలేదని తెలిసీ, నీ మొగుడి పక్కకి పనికి పంపానని ఆ మనిషి మొహం మీద చెప్పాలి. జైలుకంటే అదే అమీర్‌బీకి భయం. చెప్పనని లేచి వెళ్ళిపోయింది. లక్ష్మీనరసింహం గారు కోపంతో కిందామీదా పడ్డాడు.

మర్నాడు జైల్లో కొడుకుని చూసింది. సిలార్ శుభ్రంగా ఉన్నాడు, అమ్మ చిక్కిపోయిందని బాధపడ్డాడు. ఇంతలో కటకటాల దగ్గరగా వచ్చి, "బుల్లయ్య మామ ఒక్కసారీ రాలేదేమ్మా? నా మీద కోపమా? ఆయనొచ్చి ఒక్క మాట చెబితే నన్ను వదిలేస్తారుగా" అన్నాడు.

అమీర్‌బీ ఒరేయ్ నాయనా, ఎవర్ని చంపావో కూడా తెలియకుండా నిన్ను ఉరి తీస్తారట్రా అనుకుంది. జైలు నుంచి తిన్నగా మళ్ళీ వకీలు వరండాకే వెళ్ళి, "చెబుతాను" అంది.

సెప్టెంబరులో విచారణ జరిగింది. కోటేశ్వరమ్మ తెల్లచీరలో బోనెక్కి, సిలార్ బాగానే ఉండేవాడనీ, తన మొగుణ్ణి ఎందుకు నరికాడో తెలియదనీ చెప్పి దిగిపోయింది. నన్నే సాహెబ్ అంత దూరం నుంచి వచ్చి తాళం సంగతిలో తనకున్న అనుమానం చెప్పాడు. "హత్య రోజున నువ్వు ముద్దాయిని చూశావా?" అని సర్కారు వకీలు ఒక్క ప్రశ్న వేసేసరికి ముసలాయన "లేదు" అని దిగిపోయాడు. జడ్జిగారు సిలార్‌ని స్వయంగా అడిగారు, ఏం జరిగిందని. "నేను చంపింది లెక్కపెట్టేవాణ్ణి బాబూ. బుల్లయ్య మామ కూడా అక్కడే ఉన్నాడు, ఆయన్ని అడగండి" అన్నాడు. హాలంతా గుసగుసలు లేచాయి. బాగా నేర్పించి పంపారని సర్కారు వకీలు నవ్వాడు.

అప్పుడు అమీర్‌బీని పిలిచారు. ఆమె బోనెక్కి, జడ్జిగారి వైపు చూడకుండా, మూడో బల్ల మీద కూర్చున్న కోటేశ్వరమ్మ వైపు చూస్తూ మొదటినుంచీ చెప్పింది. తాళం తను తీసిన సంగతి, ముజావరుకి ఆడిన అబద్ధం, చొక్కా, గొడ్డలి, అన్నీ. "ఇంటికొచ్చాక కూడా వాడు రాత్రిళ్ళు ముక్కు మూసుకుని కూర్చునేవాడు. నాకు తెలుసు. తెలిసీ కల్లానికి పంపాను" అంది. కోటేశ్వరమ్మ ఆమెని రెప్ప వేయకుండా చూస్తోంది.

సర్కారు వకీలు లేచాడు. "అయితే మలీదా పంచినప్పుడు ఊరికి చెప్పింది అబద్ధం?"

"అబద్ధమే."

"దర్గాలో చెప్పింది అబద్ధం. పోలీసులకి చెప్పింది అబద్ధం. ఇవాళ ఒక్కరోజే నువ్వు నిజం చెబుతున్నావని కోర్టువారు నమ్మాలి. కొడుకుని బతికించుకోవడానికి తల్లి ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది, అవునా కాదా?"

"ఆడుద్దయ్యా. ఆడాను" అంది అమీర్‌బీ. "ఇది కూడా అబద్ధమైతే ఎంత బాగుండును. అప్పుడు నేను కోటేశ్వరమ్మ మొహం చూడగలిగేదాన్ని."

వకీలు ఇంక అడిగేదేమీ లేదని కూర్చున్నాడు. తల్లి మాట తప్ప ఇంకో ఆధారం లేదని ఆయన ధీమా. లక్ష్మీనరసింహం గారికీ ఆ సంగతి తెలుసు. తలపాగా సర్దుకుంటూ కాగితాల్లోకి చూస్తున్నాడు.

మూడో బల్ల దగ్గర కోటేశ్వరమ్మ లేచి నిలబడింది. "అయ్యా, నేనొక మాట చెప్పాలి" అంది.

బంట్రోతు కూర్చోమని కసిరాడు. జడ్జిగారు వాణ్ణి వారించి, ఆమెని మళ్ళీ బోనులోకి రమ్మన్నారు. సర్కారు వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు రాసుకుని, సాక్ష్యం కానివ్వమన్నారు.

"మా ఆయన చచ్చిపోవడానికి పదిరోజుల ముందు అన్నం తింటా ఒక మాటన్నాడు. 'సిలార్ ఇంకా కుదురుకోలేదే. నా చెవి దగ్గరకొచ్చి, మామా, లెక్కపెట్టేది నువ్వు కాదు కదా అని అడిగాడు' అని. నాకు భయమేసి, వదినకి చెప్పి వాణ్ణి వెనక్కి పంపమందాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. 'ఎవరితో అనబాకు, ఆసామి చెవిన పడితే అక్కకి చేను పోద్ది. ఉగాది దాకా గుట్టుగా ఉందాం. వాణ్ణి నేను కనిపెట్టుకుని ఉంటాలే' అన్నాడు."

"ఇది మొదటే ఎందుకు చెప్పలేదు?" అని జడ్జిగారు అడిగారు.

"చెబితే వాణ్ణి వదిలేస్తారని."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

కోటేశ్వరమ్మ పమిట కళ్ళకద్దుకుంది. "ఆవిడేదో అబద్ధమాడుతోందని ఆ వకీలుబాబు అంటుంటే విని కూర్చోలేకపోయానయ్యా. మా ఆయన అన్న మాట ఉంది కదా. దాన్ని నేను మింగేస్తే ఆయన్ని కూడా అబద్ధం చేసినట్టే."

పది రోజులకి తీర్పు వచ్చింది. చంపింది సిలారే. చంపుతున్నది బుల్లయ్యననీ, అది తప్పనీ తెలిసే మతి ఆ ఘడియలో వాడికి లేదు. అందువల్ల నిర్దోషి. విశాఖపట్నం పిచ్చాసుపత్రిలో కాపలాలో ఉంచాలి.

కోర్టు వరండాలో లక్ష్మీనరసింహం గారు పొడుం పీల్చి సంతోషంగా తుమ్ముతుంటే, కోటేశ్వరమ్మ తిన్నగా ఆయన దగ్గరికొచ్చింది. "నిర్దోషి అంటే ఏంటి బాబుగారూ? వాడి తప్పు లేదనేనా?"

"అంతేనమ్మా. చట్టం ప్రకారం."

"మరైతే మా ఆయన్ని ఎవరు చంపినట్టు?"

స్తంభం పక్కన కూర్చున్న అమీర్‌బీ లేచి, "నేను, కోటేశ్వరమ్మా" అంది.

"నువ్వొక్కదానివేనా? నేను తెలిసి నోరు మూసుకోలేదూ? ఆ మహానుభావుడు నీ చేను కోసం తన నోరు తనే మూసుకోలేదూ?" కోటేశ్వరమ్మ గొంతు వరండా అంతా మోగింది. తరవాత గొంతు పడిపోయింది. "నీ కొడుకు మీద జాలితో చెప్పాననుకోబాక వదినా. వాడు బతకడం నాకిష్టం లేదు. నువ్వు నా గడప తొక్కొద్దు. నాకు కనబడొద్దు."

వదినా అన్న పిలుపు మాత్రం పోలేదు. అమీర్‌బీ దానికే ఎక్కువ ఏడ్చింది.

సాక్ష్యం మాయం చేసినందుకు ఆమె మీద వేరే కేసు పెట్టి, మూడు నెలలు వేశారు. కూర్చుని వచ్చింది. దేనికోసమైతే ఇంత చేసిందో ఆ చేనుని గురునాథం గారు ఉగాదికి ముందే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమె రేగళ్లపాలెం వదిలేసి, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి కుదిరింది. మొదటి శుక్రవారం సెలవు చూసుకుని దర్గాకి వెళ్ళింది. నన్నే సాహెబ్ గూట్లోంచి ఆ తాళమే తీసిచ్చాడు. కటకటాలకి వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

విశాఖపట్నానికి ఏడాదికి రెండుసార్లు రైల్లో వెళ్ళేది. మందులో, కరెంటు వైద్యమో, రోజులే గడిచాయో గానీ సిలార్ మెల్లగా మారుతూ వచ్చాడు. ఆసుపత్రి తోటలో పాదులు తవ్వేవాడు. వెళ్ళిన ప్రతిసారీ "మామ ఎలా ఉన్నాడు?" అని అడిగేవాడు. బాగున్నాడని అనబోయి, ఆమె నాలుక కరుచుకునేది. చచ్చిపోయాడనీ చెప్పలేక, చూడు నాయనా, గోళ్ళు ఎంత పెరిగాయో అని మాట మార్చేది.

అరవయ్యో సంవత్సరం చివర్లో వెళ్ళినప్పుడు సిలార్ మామ సంగతి అడగలేదు. తోటలో గట్టు మీద తల్లి పక్కన కూర్చుని, మట్టి అంటిన చేతుల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు కల్లంలో మామని చంపింది నేనేనా?"

కాదు నాయనా, ఎవడో జొన్నచేల్లోంచి వచ్చాడన్న మాట అమీర్‌బీ నోటిదాకా వచ్చింది. మూడేళ్ళ కిందట ఎంత సులువుగా వచ్చిందో అంత సులువుగానూ వచ్చింది. దాన్ని మింగేసింది.

"అవున్రా. నువ్వే."

సిలార్ ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. వార్డరు వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆమె వాడి తల ఒళ్ళో పెట్టుకుని, ఊరుకో అని కూడా అనకుండా కూర్చుంది. కొడుక్కి మతి రావాలని ఇన్నేళ్ళు అల్లాని అడిగింది. వచ్చిన మతి మొదట చేసిన పని ఇదీ.

పొద్దు వాలుతుంటే సిలార్ మొహం తుడుచుకుని లేచి కూర్చున్నాడు. "తాళంచెవి ఉందా అమ్మా?" అన్నాడు.

ఆ మాట కోసం కదా ఒకప్పుడు వాడి ఎదురుగా పొద్దస్తమానం కూర్చుంది! కొంగుముడి విప్పుతుంటే ఆమె చేతులు ఇప్పుడు వణికాయి. వాడు తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో దాని మీద తుప్పు రుద్దాడు.

"ఈ తాళం మామే కొన్నాడు కదూ?"

"ఆయనే. చీరాల బజారంతా తిరిగాడు."

సిలార్ తల్లి చేయి తీసుకుని, తాళంచెవి అందులో పెట్టి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

"నీ దగ్గరే ఉండనీ. నేను అడగలేదనుకో" అన్నాడు.

గంట కొట్టారు. వాడు లేచి మిగతావాళ్ళతో పాటు లోపలికి వెళ్ళాడు. అమీర్‌బీ తాళంచెవిని మళ్ళీ కొంగున ముడేసుకుని, రైలుకి టైమవుతోందని స్టేషను దారి పట్టింది.